రోజుకొక అధ్యాయం

జూన్ 10

ఈ రోజు బైబిలు అధ్యాయం బావ చదివాడు. కొండ చుట్టూ హద్దులు వేసి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పిన చోటు. పని గంట కొట్టేలోపు నర్సరీ షెడ్డు బల్ల మీద ఇలా కూర్చోవడం మొదలై ఈ నెలకు పదేళ్ళు నిండాయని బావే గుర్తు చేశాడు. రోజుకొకటి, వరసగా, ముందుకూ వెనక్కూ దూకకుండా. మూడుసార్లు మొదటి నుంచి చివరిదాకా అయింది. ఇది నాలుగో విడత. మా ఆవిడకు సొంత అన్న కాబట్టి ఆయన నాకు బావ, నేను ఆయనకు బావ. షెడ్డులో ఆయన మేస్త్రీ, నేను అంట్లు కట్టేవాడిని. సంఘంలో ఆయన పెద్ద, నేను ఆదివారం వాక్యం చదివేవాడిని.

తొమ్మిదింటికి ఒక రైతు వచ్చి సంచిలోని కాయలు యజమాని బల్ల మీద కుమ్మరించాడు. మూడేళ్ళ కిందట మా నర్సరీలో కొన్న నాలుగు వందల బత్తాయి మొక్కల తొలి కాపు అది. బత్తాయి కాదు. గరుకు తోలు, లోపల పులుపు. అడవి నిమ్మ. మేం వేరు కోసం పెంచే మొక్క. దాని మీద అంటు కట్టిన బత్తాయి కన్ను, అంటే చిగురు మొగ్గ, ఎండిపోయి, కింద నుంచి అడవి చిగురు లేచింది. ఎవరూ గిల్లలేదు. దాన్నే బత్తాయి అని అమ్మేశారు.

రైతు అరవలేదు. "ఒక తొన నోట్లో పెట్టుకుని చూడండి సార్" అన్నాడు. యజమాని పెట్టుకోలేదు.

మొక్కలకు కట్టి ఉన్న దారాలు విప్పి దాచుకున్నాడట. వాటినీ తీసి బల్ల మీద పెట్టాడు. ఏ అంటు ఎవరి చేతిదో తెలియాలని మా షెడ్డులో ఒక్కొక్కరికీ ఒక్కో రంగు దారం. ఆయన తెచ్చినవి నీలం. నీలం నాది.

జూన్ 11

అధ్యాయం నేను చదివాను. పది ఆజ్ఞలు. కంఠతా వచ్చినవే కాబట్టి తొందరగా అయింది.

తరువాత బావ అన్నాడు. "ఆ నాలుగు వందలూ మా చెల్లెలి ఆపరేషన్ వారానివి బావా. నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు."

"తెలుసు."

"కొత్తవాళ్ళ చేత కట్టించాను. మళ్ళీ చూసుకోలేదు. పని పడి. ఇప్పుడు యజమాని ఎవరో ఒకరి పేరు కాగితం మీద కావాలంటున్నాడు. నా పేరు వస్తే మేస్త్రీ పని పోతుంది. దానితో ఆగుతుందా? సంఘ పెద్ద మోసం చేశాడని ఊరంతా అంటుంది. నువ్వైతే ఇరవై ఏళ్ళ చెయ్యి. ఒక తిట్టు తిట్టి ఊరుకుంటాడు."

బావ నా ఒళ్ళోంచి బైబిలు తీసుకుని, కట్టలుగా పేజీలు తిప్పి, చివర్లో అపొస్తలులు రాసిన ఉత్తరాల్లో ఒకచోట వేలు పెట్టి నా వైపు తిప్పాడు. ఒకరి బరువు ఒకరు మోయమన్న చోటు. పదేళ్ళలో మేం ముందుకు దూకడం అదే మొదలు.

రాసిచ్చాను. అయిదు వరసలు. ఆ అంట్లు నేనే కట్టానని. ఇంటికి వచ్చేటప్పుడు మనసు తేలికగా ఉంది. ఇన్నేళ్ళు చదివినదానికి ఇవాళ ఒక పని చేశాననిపించింది.

జూన్ 12

యజమాని నన్ను పనిలోంచి తీసేశాడు. కత్తి, సానరాయి తెచ్చుకున్నాను.

జూన్ 13

బావ మాట్లాడతాడు. ముందు యజమాని కోపం తగ్గాలి కదా.

అధ్యాయం ఇంట్లో చదివాను. పక్కవాడి పొలంలో పశువు మేస్తే ఏం చేయాలన్నది. ఈ పాటికి బావ కూడా షెడ్డు బల్ల మీద ఒక్కడే కూర్చుని ఇదే చదువుతూ ఉంటాడనుకుంటే ధైర్యంగా ఉంది.

జూన్ 15, ఆదివారం

చదవవలసిన చోట కాగితం పెట్టుకుని వెళ్ళాను. మా ఆవిడ చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది. పాటలు అయ్యాక లేవబోతున్నాను. నాకంటే ముందు బావ లేచాడు.

"మన బ్రదర్ తన పనిలో మోసం జరిగినట్టు స్వయంగా రాసిచ్చారు. పెద్దలందరం కూర్చుని మాట్లాడుకున్నాం. వారు పశ్చాత్తాపపడే వరకూ వాక్య పఠనం మన దర్జీ బ్రదర్ చేస్తారు."

ఇంట్లో బావా, అక్కడ బ్రదర్. ఎప్పుడూ అంతే. ఈ రోజే వినపడింది.

సగం లేచినవాడిని కూర్చున్నాను. దర్జీ చదివాడు. వాక్యం పూర్తయిన చోట ఆగడు, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటాడు. గుడ్డ ఎక్కడ కత్తిరించాలో తెలిసినవాడికి మాట ఎక్కడ తెంచాలో తెలియదు. ఎదుటి వరసలోని చెవిటి ముసలమ్మ "ఏమంటున్నాడు?" అని రెండుసార్లు గట్టిగా అడిగింది.

జూన్ 16

నియమం నియమమే. పెద్దగా ఉన్నవాడు ఇంకెలా మాట్లాడతాడు? పైగా అయినవాళ్ళను వెనకేసుకొచ్చాడని అంటారు. నేను ఆయన చోట ఉంటే నేనూ అలాగే చేసేవాడినేమో.

జూన్ 17

చేసేవాడిని కాదు.

జూన్ 19

బావ ఇంటికి వచ్చాడు. టీ తాగాడు. పైకప్పు కారుతోందా అని అడిగాడు. కారడం లేదన్నాను.

"నా పని సంగతి యజమానితో ఏమన్నా..."

"నువ్వు రాసిచ్చిన కాగితం బీరువాలో ఉంది బావా. అది ఉండగా ఏమని అడగను?"

రాయమన్నది ఎవరని నేను అడగలేదు. గ్లాసు కింద పెట్టి, చెల్లెలితో రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోయాడు.

జూన్ 22, ఆదివారం

గుడారం పనికి దేవుడు పేరు పెట్టి పిలిచిన చేతిపనివాళ్ళ అధ్యాయం. చెక్కడం తెలిసినవాళ్ళు, పోత పోయడం తెలిసినవాళ్ళు. నా చేతులకు పని లేక పది రోజులు.

గుడి నుంచి వచ్చాక మా ఆవిడ బట్టలు మడతపెడుతూ ఉండగా అన్నాను. "మీ అన్నయ్య ఆ రోజు ఆ మాట చూపించకపోతే నేను రాసిచ్చేవాడిని కాదు."

ఆమె చెయ్యి ఆగింది. మళ్ళీ మడత మొదలుపెట్టింది.

"అన్నయ్య ముందు నన్నే అడిగాడు."

"ఏమని?"

"మీరు ఒప్పుకుంటారా అని."

"నువ్వేమన్నావు?"

"ఊరికే అడిగితే ఒప్పుకోరు, వాక్యం చూపించి అడుగు, కాదనలేరు అన్నాను." దుప్పటి నాలుగు మడతలు వేసింది. "పని పోతుందని నాకు తెలియదండి. అన్నయ్య కూడా అలా అనలేదు."

బట్టలు అన్నీ అయిపోయాయి. బీరువాలో పెట్టింది. అన్నం పెట్టింది. తిన్నాను.

జూన్ 23

చదవలేదు.

జూన్ 24

చదవలేదు.

పశువును ముక్కుతాడు పట్టుకుని నడిపిస్తారు. నాకు అది ఎక్కడ ఉందో ఇంట్లోవాళ్ళందరికీ తెలుసు. నాకే తెలియదు.

జూన్ 26

వరస అధ్యాయం కాదు, వేరే చదివాను. కీర్తనల్లో వెతికాను. తనతో కలిసి నడిచినవాడు, తన చేతి అన్నం తిన్నవాడు తన మీదికి మడమ ఎత్తాడని ఏడ్చిన చోటు దొరికింది. అలాంటివే ఇంకొన్ని. శత్రువు పేరు కూడా మిగలకూడదని అడిగినవి, వాడి పళ్ళు రాలగొట్టమని అడిగినవి. ఎర్ర పెన్సిలుతో గీశాను. పద్నాలుగు దొరికాయి. ఎంత చక్కగా సరిపోతున్నాయో. బావను చూసి రాసినట్టే ఉన్నాయి.

జూన్ 27

వాటిలో నాలుగు మంచి చేతిరాతతో కాగితం మీద ఎత్తి రాశాను. పేరు పెట్టలేదు. బావ ఇంటి తలుపు కింద నుంచి తోయాలి. చదవగానే తెలుస్తుంది.

జూన్ 28

రెండుసార్లు ఆ వీధి దాకా వెళ్ళి వచ్చాను. బావ భార్య వాకిట్లో ఉంది.

జూన్ 30

కాగితం జేబులో చెమటకు తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. మళ్ళీ రాద్దామని కూర్చున్నాను. పేజీలు కట్టలుగా తిప్పుతున్నాను. కావలసిన చోటు రాగానే వేలు పెట్టాను. ఆ వేలు చూశాను.

బావ నా కోసం ఒకచోట వేలు పెట్టాడు. నేను ఆయన కోసం పద్నాలుగు చోట్ల పెట్టాను.

రబ్బరుతో తుడిచాను. ఎర్ర పెన్సిలు పోదు. గులాబీ మచ్చలా నిలిచిపోయింది.

జూలై 5

ఆపిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. బంగారు దూడ అధ్యాయం.

కొండ దిగివచ్చిన తమ్ముడు ఇదేం పని అని నిలదీస్తే, దూడను చేసిన అన్నగారు అంటాడు కదా: జనం బంగారం ఇచ్చారు, నేను నిప్పులో వేశాను, ఈ దూడ బయటికి వచ్చింది. అంతే. దానంతట అదే నడిచి వచ్చినట్టు. కొత్తవాళ్ళ చేత కట్టించాను, అడవి నిమ్మ బయటికి వచ్చింది. నవ్వు వచ్చింది. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది. చాలా రోజులైంది కదా.

పన్నెండు రోజులు పోయాయి. అంటే బావ కంటే పన్నెండు అధ్యాయాలు వెనక ఉన్నాను. ఇక ఇద్దరం ఒకే పేజీలో లేం. అది బాగానే ఉంది.

జూలై 9

గుడారం తెరల కొలతలు. ఇన్ని మూరల పొడుగు, ఇన్ని మూరల వెడల్పు, తగిలించడానికి ఇన్ని కొలుకులు. ఇదే సంగతి ముందొకసారి చెప్పారు, మళ్ళీ మొత్తం చెబుతున్నారు. ఇందులో నా గురించి ఏమీ లేదు, బావ గురించి ఏమీ లేదు. ఎవరికీ చూపించడానికి పనికిరాదు. హాయిగా చదివాను.

కొత్త రోడ్డు పక్కన నాటిన మొక్కలకు నీళ్ళు పోసే పని దొరికింది. ఒంటిగంటకల్లా అయిపోతుంది.

జూలై 17

బావ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"పాస్టరుగారితో మాట్లాడాను బావా. ఈ ఆదివారం నువ్వు లేచి రెండు మాటలు చెబితే చాలు. తప్పు చేశాను, క్షమించండి. వచ్చే వారం నుంచి మళ్ళీ నువ్వే చదువు."

"ఏం తప్పని చెప్పను?"

"ఏం తప్పని ఎవరడుగుతారు? అందరికీ తెలిసిందేగా. దర్జీ చదువు వినలేక సగంమంది తలకాయ పట్టుకుంటున్నారు. ముసలమ్మ నిన్న నన్ను పట్టుకుని, ఆ కత్తెరవాడిని దించుతారా లేదా అంది."

ఇద్దరం నవ్వాం. సరేనన్నాను.

ఆయన వెళ్ళాక తలుపు వేసుకుని ఒక అధ్యాయం గొంతెత్తి చదివి చూసుకున్నాను. గొంతు బాగానే ఉంది. నేను బడికి వెళ్ళింది ఏడో తరగతి దాకా. వందమంది మాట్లాడకుండా నా నోటి వైపు చూసే చోటు ఈ లోకంలో నాకు అదొక్కటే. అక్కడ నిలబడడం కోసం రెండు మాటలు పెద్ద లెక్క కాదు.

జూలై 19

బలుల అధ్యాయాలు నడుస్తున్నాయి. ఈ రోజుది ఆరు. పొరుగువాడిని మోసం చేసి, దాని మీద అబద్ధం ఆడినవాడు ఏం చేయాలన్నది. ముందు తీసుకున్నది తిరిగి ఇవ్వాలి, దానికి అయిదో వంతు కలపాలి, ఎవరిదో వాళ్ళ చేతికే ఇవ్వాలి. బలి ఆ తరువాత. పదేళ్ళలో మూడుసార్లు దీని మీదుగా వెళ్ళాను. ఒకసారి నేను చదివాను, రెండుసార్లు బావ.

ఎవరి చేతికి? బావ చేతికా? సంఘం చేతికా?

ఈ డైరీ మొదటి నుంచి తిరగేశాను. రైతు కాయలు కుమ్మరించిన రోజు తరువాత రైతు మాట ఎక్కడా లేదు. నలభై రోజులు నాకు జరిగిందే రాసుకున్నాను. మూడేళ్ళు నీళ్ళు పెట్టి అడవి నిమ్మ పెంచినవాడు ఒక్క వరసలో కూడా లేడు.

ఇంకొకటి కూడా రాయలేదు. ఆ ఆపరేషన్ వారం నా కూలి తెగకూడదని కొత్తవాళ్ళు కట్టిన అంట్లకు నా నీలం దారం వేయించింది బావే. నాకు అప్పుడే చెప్పాడు. ఆస్పత్రి వరండాలో ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. పని చేయని ఎనిమిది రోజుల కూలి తెచ్చుకున్నాను. ఆ మొక్కలకు కన్ను పట్టిందో లేదో తిరిగి వచ్చాక ఒక్కసారి చూసినా సరిపోయేది. చూడలేదు.

బావ నన్ను అమ్మాడు. అది కొట్టివేయను. కాని నేను రాసిచ్చిన అయిదు వరసలను ఇన్నాళ్ళూ త్యాగం అనుకున్నాను. అవి అబద్ధం. రేపటి రెండు మాటలు ఇంకో అబద్ధం.

జూలై 20, ఆదివారం

పాస్టరుగారు నా వైపు చూసి తల ఊపారు. లేచాను.

"ఆ అంట్లు కట్టింది నా చేతులు కాదు. నేనే కట్టానని రాసిచ్చాను. అది అబద్ధం. ఆ వారం పని చేయకుండా కూలి తీసుకున్నాను. అదీ తప్పే. ఈ రెండింటికీ క్షమించమని అడుగుతున్నాను."

చెవిటి ముసలమ్మ పక్కామెను అడిగి తెలుసుకుని, గుడి అంతా వినపడేలా అంది. "మరి ఎవరి చేతులు నాయనా?"

"అది నేను చెప్పేది కాదమ్మా."

చెప్పక్కర్లేదు. షెడ్డుకు మేస్త్రీ ఎవరో అందరికీ తెలుసు. తలకాయలన్నీ అటు తిరిగాయి. బావ పాటల పుస్తకంలో ఏదో వెతుకుతున్నాడు. పాస్టరుగారు పాట నంబరు చెప్పారు. దర్జీ చదివాడు.

బయటికి వస్తుంటే పాస్టరుగారు చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకువెళ్ళారు. "సంఘాన్ని కలవరపెట్టావు. కొన్నాళ్ళు వెనక వరసలో కూర్చో." మళ్ళీ చదవడం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు.

దారిలో మా ఆవిడ అంది. "ఇక నేను మా అన్నయ్య ఇంటికి ఎలా వెళ్ళాలి?"

"నడిచి" అన్నాను.

ఇంటిదాకా నాకంటే నాలుగడుగులు ముందు నడిచింది. వచ్చాక మంచినీళ్ళు ఇచ్చింది.

జూలై 21

యజమాని దగ్గరికి వెళ్ళాను. ఎనిమిది రోజుల కూలి బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నాడు.

"ఆ అంట్లు నీ చేతివి కావని నాకు తెలియదా? ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను."

"మరి నన్ను తీసేశారు."

"నువ్వు రాసిచ్చావు. రాసిచ్చినవాడిని తీసేశాను. మేస్త్రీ లేకపోతే నాకు షెడ్డు నడవదు." డబ్బు నా వైపు తోశాడు. నేను తీసుకోలేదు. అది అక్కడే ఉంది.

అంటే అందరికీ తెలుసు. బావకు, మా ఆవిడకు, యజమానికి. నా మంచితనం గురించి తెలియనివాడిని నేనొక్కడినే.

జూలై 22

రైతు తోట. నాలుగు వందల చెట్లు వరసగా, పచ్చగా, ముళ్ళతో. నాలాంటివాడు గట్టు మీద నుంచి చూసినా చెప్పేయగలడు.

ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన నీళ్ళ బోదె కడుతున్నవాడు పార ఆపలేదు.

"ఎవరి చేతులైతే నాకేంటయ్యా? నా మూడేళ్ళు ఎవరిస్తారు?"

"మూడేళ్ళు ఇవ్వలేను. వేర్లు గట్టివి, పాడు కాలేదు. కొమ్మ బెరడులో బత్తాయి కన్ను దించుతాను. అది పట్టాక పైన అడవిది నరికేస్తే రెండేళ్ళకు కాపు వస్తుంది."

"నాలుగు వందలకీనా?"

"మధ్యాహ్నం నుంచి ఖాళీయే. రోజుకు పది."

"కూలి?"

"వద్దు."

అప్పుడు పార ఆపాడు. నన్ను పైనుంచి కిందికి చూశాడు. "కూలి వద్దన్నవాడిని నేను నమ్మను. మధ్యాహ్నం అన్నం పెడతాను. అది తింటేనే కత్తి పట్టు."

సరేనన్నాను. కన్ను కొమ్మలు పక్క తోటలో ఆయనే అడిగి తెస్తానన్నాడు. పోతుంటే వెనక నుంచి అన్నాడు. "మొదటి పదీ పట్టేదాకా పదకొండోది ముట్టుకోకు."

ఆగస్టు 1

మొదటి పదిలో తొమ్మిది పట్టాయి. రైతు ఒక్కొక్కటీ వంగి చూశాడు. మరునాటికి కావలసిన కొమ్మలు తడిగుడ్డలో చుట్టి పెట్టాడు.

ఆగస్టు 3, ఆదివారం

వెనక వరసలో కూర్చున్నాను. బావ సంఘ పెద్దల కమిటీ నుంచి తప్పుకున్నాడని చెప్పుకుంటున్నారు. ఆయన రాలేదు. మేస్త్రీ పని మాత్రం ఉంది.

ఆగస్టు 7

మా ఆవిడ తోటకు వచ్చింది. దారాలు తను కడతానంది. గట్టిగా కట్టింది. రెండు విప్పి మళ్ళీ కట్టి చూపించాను. మూడోది సరిగ్గా కట్టింది. ఇద్దరం పదిహేను చెట్లు చేశాం.

ఆస్పత్రిలో పడుకున్న వారం గురించి ఏదో అనబోయింది. "దారం జారుతోంది" అన్నాను. నిజంగానే జారుతోంది.

ఆగస్టు 16

జనాభా లెక్కల పుస్తకం, ఏడో అధ్యాయం. అందులో అన్నిటికంటే పొడుగైనది. పన్నెండు గోత్రాల పెద్దలు పన్నెండు రోజులు తెచ్చిన కానుకలు. పన్నెండు మందీ ఒకటే తెచ్చారు, అయినా పన్నెండు సార్లూ పూర్తిగా రాశారు. తెల్లవారుజామున ఏడుగురివి అయ్యాయి. మిగతాది తోటలో చదువుదామని పట్టుకెళ్ళాను. అన్నం తిని చెట్టు నీడన తెరిచేసరికి గట్టు మీద బావ.

చిక్కిపోయాడు. చొక్కా వదులైంది.

"ఎక్కడున్నావు బావా ఇప్పుడు?" అన్నాడు. అధ్యాయం సంగతి.

"లెక్కల్లో. ఏడు. మీరు పంతొమ్మిదిలో ఉండాలి."

ఆయన గట్టు మీద మట్టి కాలితో గీశాడు. "నువ్వు వెళ్ళిపోయిన రోజే ఆపేశాను. మళ్ళీ తెరవలేదు."

జూన్‌లో పది రోజులు ఆయనతో కలిసి చదువుతున్నానని అనుకున్నాను. జూలై నుంచి ఆయన వెనక చదువుతున్నానని అనుకున్నాను. ఆ బల్ల మీద ఎవరూ లేరు.

"తప్పు చేశాను బావా" అన్నాడు. అంతటితో ఆగి ఉంటే ఏం జరిగేదో తెలియదు. "ఎన్నిసార్లు క్షమించాలని అడిగినవాడికి ప్రభువు ఏం చెప్పాడో నీకు నేను చెప్పాలా?"

మళ్ళీ అదే. కొడవలి అందించినట్టు పిడి వైపు నుంచే అందించాడు.

"అది చాలా ముందుంది బావా. నేనింకా అక్కడికి రాలేదు."

"మూడుసార్లు చదివావు కదా."

"ఈ విడత రాలేదు. రోజుకొకటి. ఇక దూకను."

"ఎప్పటికి వస్తావు?"

అంతకు ముందే లెక్క వేసి ఉంచాను. ఎందుకు వేశానో తెలియదు. "రెండేళ్ళ మూడు నెలలకు."

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. "అప్పుడు?"

"అప్పుడు అక్కడ ఏముంటే అది చదువుతాను."

ఇంకా ఏదో అంటాడేమోనని చూశాను. చెట్ల వైపు చూశాడు. ఆయన మేస్త్రీ, పట్టిన కన్ను ఏదో పట్టనిది ఏదో గట్టు మీద నుంచే తెలుస్తుంది. తరువాత గట్టు వెంబడి వెళ్ళిపోయాడు.

ఎనిమిదో పెద్ద కానుక దగ్గర నుంచి చదివాను. వెండి గిన్నె, దాని బరువు, నూనె కలిపిన పిండి. తొమ్మిదో పెద్దకూ అవే. పదో పెద్దకూ అవే. మధ్యలో కళ్ళు రెండుసార్లు ముందుకు, ఆ మాట ఉన్న పేజీల వైపు పోయాయి.

బావ అడిగిన మాట నాకు కంఠతా వచ్చు. ఒక్క అక్షరం తప్పకుండా వచ్చు. ఈ రోజు భాగం అది కాదు.